వైద్య విద్యార్థుల ఎంపికలో ఇంటర్వ్యూ ఎందుకు?

(సొసైటీ వార్షిక సభలో స్కాలర్‌షిప్ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా స్కాలర్‌షిప్పుల జాబితా చదవగానే దాతలు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "నీట్‌లో ర్యాంకు తెచ్చుకుని, కౌన్సెలింగ్‌లో సీటు సంపాదించుకున్న బిడ్డను మీరు మళ్లీ పిలిచి ఇంటర్వ్యూ చేయడం ఎందుకు? ర్యాంకు చూసి చెక్కు రాసిస్తే సరిపోదా?" అని. ఇది న్యాయమైన ప్రశ్న. మీరిచ్చిన సొమ్ము మా చేతిలో అమానత్. దాన్ని ఏ పద్ధతిలో పంచుతున్నామో అడిగే హక్కు మీకుంది, చెప్పే బాధ్యత మాకుంది. ఈ రోజు మాకిచ్చిన సమయాన్ని ఆ జవాబుకే వాడుకుంటాము.

ముందుగా ఒక లెక్క. ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నరేళ్లు, ఆ పైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఒక బిడ్డకు మనం సరేనంటే ఐదున్నరేళ్ల పాటు మాట ఇచ్చినట్టు. మధ్యలో చేయి వదిలేస్తే ఆ కుటుంబం అప్పుల్లో పడుతుంది. ఇక కాదంటే దాని బరువు ఇంకో రకంగా ఉంటుంది. కౌన్సెలింగ్‌లో సీటు వచ్చినా, గడువులోగా ఫీజు కట్టి కాలేజీలో చేరకపోతే ఆ సీటు పోతుంది. దరఖాస్తులు ఎక్కువ, నిధి తక్కువ. ఎవరికి ముందు ఇవ్వాలో తేల్చక తప్పదు. ఎలా తేల్చాలన్నదే ప్రశ్న.

మన దేశంలో నేడు వైద్య విద్యలో ప్రవేశం దాదాపు పూర్తిగా నీట్ మార్కుల మీదే నడుస్తున్నది. 180 ప్రశ్నలు, 720 మార్కులు. తప్పు జవాబుకు ఒక మార్కు కోత. పిల్లలు మన తెలుగులోనూ రాయవచ్చు, ఉర్దూలోనూ రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఒకప్పుడు ఎంసెట్ చేసిన పనిని ఇప్పుడు నీట్ చేస్తున్నది. మన సముదాయంలోని వెనుకబడిన వర్గాలకు 2007 చట్టం ప్రకారం ఉన్న 4 శాతం బి.సి.–ఇ సీట్లు కూడా ఈ ర్యాంకు క్రమంలోనే నిండుతాయి.

ఈ పద్ధతిని మేము తక్కువ చేసి మాట్లాడము. పరీక్ష పేపరుకు అభ్యర్థి ఇంటిపేరు తెలియదు, బుర్ఖా కనిపించదు, మాటల్లో యాస వినిపించదు. టైలరు కూతురు, కలెక్టరు కొడుకు ఒకే ప్రశ్నకు ఒకే గుండ్రం దిద్దుతారు. సిఫారసుకు అక్కడ చోటు లేదు. బలం లేని కుటుంబాల పిల్లలకు ఇది చాలా పెద్ద రక్షణ. మన పిల్లలు నేడు మెడికల్ కాలేజీల్లో కనిపిస్తున్నారంటే అందులో ఈ రాత పరీక్షల పాత్ర ఉంది.

అయితే ఆ పేపరు చెప్పలేని సంగతులు కొన్ని ఉన్నాయి. ఈ పిల్లవాడు రోగి మాట చివరిదాకా వింటాడా? తెలియనిది తెలియదని ఒప్పుకుంటాడా? రాత్రి రెండు గంటలకు వార్డులో ఒక ముసలమ్మ అదే ప్రశ్న నాలుగోసారి అడిగితే విసుక్కుంటాడా? అసలు డాక్టరు కావాలన్న కోరిక అతనిదా, వాళ్ల నాన్నదా? వీటికి నాలుగు ఆప్షన్లు ఇచ్చి జవాబు రాబట్టలేం.

ఇవి చిన్న విషయాలని ఎవరైనా అనుకుంటే ఒక పరిశోధన సంగతి చెబుతాము. 2005లో అమెరికాలో మూడు మెడికల్ కాలేజీల పూర్వ విద్యార్థుల రికార్డులను తిరగేశారు. వృత్తిలోకి వచ్చాక మెడికల్ బోర్డుల చేత క్రమశిక్షణ చర్యలకు గురైన 235 మంది డాక్టర్లను, అలాంటి మచ్చ లేని డాక్టర్లతో పోల్చి చూశారు. విద్యార్థి దశలోనే బాధ్యత లేకుండా ప్రవర్తించినట్టు రికార్డుల్లో ఉండే అవకాశం మొదటి వర్గంలో సుమారు మూడు రెట్లు ఎక్కువగా తేలింది. పరీక్షల్లో వాళ్లంతా పాసైనవాళ్లే. నడవడికలోని లోపం మాత్రం డిగ్రీతో పాటు వాళ్ల వెంటే వెళ్లింది.

మన దేశంలో కూడా ఈ సంగతి గుర్తించారు. 2019లో వచ్చిన కొత్త ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళికలో నడవడిక, నైతికత, రోగితో మాట్లాడే తీరు అనే అంశాలను ప్రత్యేక పాఠాలుగా చేర్చారు. అంటే లోపలికి వచ్చాక నేర్పుతున్నారు. లోపలికి వచ్చేముందు అడగడం లేదు.

వైద్యుడిని ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షించడం కొత్త సంగతేమీ కాదు. హిజ్రీ 319, అంటే క్రీ.శ. 931లో బాగ్దాదులో ఒక వైద్యుడి పొరపాటు వల్ల ఒక రోగి చనిపోయాడు. ఆ వార్త ఖలీఫా అల్ ముఖ్తదిర్‌కు చేరింది. ఇకమీదట తన ఆస్థాన వైద్యుడు సినాన్ ఇబ్న్ సాబిత్ పరీక్షించి అనుమతించిన వాళ్లే వైద్యం చేయాలని ఆయన ఆజ్ఞ ఇచ్చాడు. నగరంలో ఎనిమిది వందల పైచిలుకు వైద్యులు ఆ పరీక్షకు హాజరయ్యారని చరిత్రకారులు రాశారు. పేరు మోసిన వాళ్లకు, రాజాస్థానంలో ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు.

ఆ సందర్భంలోనే ఒక ముచ్చట చెబుతారు. మంచి దుస్తుల్లో, ఎంతో హుందాగా ఉన్న ఒక వృద్ధుడు సినాన్ దగ్గరకు వచ్చాడు. సినాన్ ఆయనను గౌరవంగా కూర్చోబెట్టి, మీ గురువు ఎవరని అడిగాడు. ఆ పెద్దాయన కొన్ని బంగారు నాణేలు ముందుపెట్టి, తనకు చదవడం రాయడం రాదని, ఈ వృత్తి మీదే కుటుంబం బతుకుతున్నదని, తన పొట్ట కొట్టవద్దని వేడుకున్నాడు. సినాన్ నవ్వి, తెలియని జబ్బు జోలికి వెళ్లకూడదని, నెత్తురు తీయడం, విరేచనాల మందు ఇవ్వడం వంటివి చేయకూడదని షరతు పెట్టి పంపించాడు. మరునాడు ఒక యువకుడు వచ్చాడు. గురువెవరంటే మా నాన్నగారే అన్నాడు. ఆ నాన్నగారు ఎవరా అంటే నిన్న వచ్చిన పెద్దమనిషి!

ఈ ముచ్చటకు మనం నవ్వుకోవచ్చు. కానీ ఇంటర్వ్యూ బలమూ బలహీనతా రెండూ ఇందులో ఉన్నాయి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితేనే ఆ పెద్దాయనకు చదువు రాదన్న నిజం బయటపడింది. ఎదురుగా కూర్చున్నందువల్లనే ఆయన హుందాతనం, ఆయన కన్నీళ్లు నిర్ణయాన్ని మెత్తబరిచాయి. వెయ్యేళ్లు దాటినా ఇంటర్వ్యూ గదిలో ఈ రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి.

మన దేశ న్యాయస్థానాలు కూడా ఈ విషయంలో చాలా ఆలోచించాయి. 1964లో చిత్రలేఖ కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అప్పటి మైసూరు రాష్ట్రంలో ఇంజనీరింగ్, మెడికల్ కాలేజీల ప్రవేశాలకు మార్కులతో పాటు ఇంటర్వ్యూ కూడా పెట్టారు. మన తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావు గారు మెజారిటీ తీర్పు రాస్తూ, రాత పరీక్షకు తోడుగా ఇంటర్వ్యూ పెట్టడం దానంతట అదే తప్పు కాదన్నారు. తర్వాత 1970లో పెరియకరుప్పన్ కేసు వచ్చింది. అది తమిళనాడు మెడికల్ కాలేజీలకు సంబంధించినది. ఇంటర్వ్యూకు 75 మార్కులు ఉన్నాయి. ఏ గుణానికి ఎన్ని మార్కులో విడివిడిగా వేయకుండా గంపగుత్తగా వేయడాన్ని కోర్టు తప్పుపట్టింది.

1980 నాటి అజయ్ హాసియా కేసు ఇంకా ముఖ్యమైనది. శ్రీనగర్‌లోని రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీలో రాత పరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకు 50 మార్కులు పెట్టారు. ఒక్కొక్కరిని రెండు మూడు నిమిషాలు మాత్రమే చూశారని, అందులోనూ తల్లిదండ్రులెవరు, ఊరేది అనే ప్రశ్నలే వేశారని పిల్లలు కోర్టుకు చెప్పుకున్నారు. మొత్తం మార్కుల్లో ఇంటర్వ్యూ వాటా 15 శాతం మించితే అది అన్యాయమే అవుతుందని జస్టిస్ భగవతి గారి తీర్పు తేల్చింది. ఇంటర్వ్యూను టేపులో రికార్డు చేస్తే మంచిదని కూడా సూచించింది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే వాళ్లకు వీలు లేకుండా చేయడమే ఆ తీర్పు ఉద్దేశం.

ఇంటర్వ్యూను ఎంతో శ్రద్ధగా నడిపిన సంస్థలూ మన దగ్గర ఉన్నాయి. వెల్లూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ చాలా దశాబ్దాల పాటు రాత పరీక్షలో నెగ్గిన పిల్లలను కొన్ని రోజులు తన దగ్గర ఉంచుకుని, వాళ్లు కలిసి పనిచేసే తీరు, మాట్లాడే తీరు, సేవాభావం చూసి ఎంపిక చేసేది. చదువు అయ్యాక మారుమూల ఆసుపత్రుల్లో కొన్నాళ్లు పనిచేయాలన్నది వాళ్ల ఆశయం. అందుకే ఎవరు అలా పనిచేయగలరో చూడాలని వాళ్లు పట్టుబట్టారు. నీట్ వచ్చినప్పుడు ఈ పద్ధతి కోసం కోర్టుకు వెళ్లారు. 2017లో 100 ఎం.బి.బి.ఎస్. సీట్లలో ఒక్క సీటు మాత్రమే నింపి మిగతావి ఖాళీగా వదిలేశారు. చివరకు 2020 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు మైనారిటీ సంస్థలకు కూడా నీట్ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. అది చట్టం. మనమంతా దానికి కట్టుబడి ఉండాలి. అదే సమయంలో పుణెలోని సైనిక దళాల వైద్య కళాశాలలో నీట్ తర్వాత కూడా అభ్యర్థులను పిలిచి ఇంటర్వ్యూ చేస్తూనే ఉన్నారు. యుద్ధభూమిలో పనిచేయాల్సిన డాక్టరును ముఖం చూడకుండా తీసుకోవడం సైన్యానికి ఇష్టం లేదు.

ఇక విదేశాల అనుభవం. అమెరికాలో, బ్రిటన్‌లో, కెనడాలో ఇంటర్వ్యూ లేకుండా మెడికల్ సీటు రావడం చాలా అరుదు. కానీ వాళ్ల దగ్గర జరిగిన ఒక సంఘటన ఇంటర్వ్యూ చేసే ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోదగినది. 1979లో టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ మెడికల్ స్కూలు 800 మందిని ఇంటర్వ్యూ చేసి ర్యాంకులిచ్చి, 150 మందిని ఎంపిక చేసుకుంది. ఎంపిక ముగిశాక, మరో 50 మందిని చేర్చుకోవాలని రాష్ట్ర శాసనసభ ఆదేశించింది. అప్పటికి జాబితా అడుగున ఉన్నవాళ్లే మిగిలారు. 700 నుంచి 800 ర్యాంకుల మధ్య ఉన్న పిల్లలు! చేసేదిలేక వాళ్లను తీసుకున్నారు. చదువు ముగిశాక రెండు జట్లనూ పోల్చారు. పరీక్షల్లో గాని, వార్డు పనిలో గాని, డిగ్రీ పూర్తి చేసినవాళ్ల సంఖ్యలో గాని చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఆ ఇంటర్వ్యూలో అడుగున పడ్డవాళ్లు పైవాళ్లకు ఏ మాత్రం తీసిపోలేదు.

అయితే ఇంటర్వ్యూ దండగ అని దీనికి అర్థమా? కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు వేరే విధంగా ఆలోచించారు. ఒకే గదిలో ఒకే బృందం అరగంట మాట్లాడితే, తొలి నిమిషంలో కలిగిన అభిప్రాయమే చివరిదాకా నిలిచిపోతుంది. అందుకని వాళ్లు ఒక పెద్ద ఇంటర్వ్యూను చిన్న చిన్న ముక్కలు చేశారు. సుమారు పది గదులు. ఒక్కో గదిలో ఒక్కో పరిస్థితి, ఒక్కో పరీక్షకుడు. తలుపు మీద ప్రశ్న చదువుకోవడానికి రెండు నిమిషాలు, లోపల ఎనిమిది నిమిషాలు. ఒక గదిలో తడబడినా తర్వాతి గదిలో కొత్తగా మొదలుపెట్టవచ్చు. ఒక పరీక్షకుడికి నచ్చకపోయినా మిగతా తొమ్మిది మంది ఉన్నారు. 2004లో ఈ పద్ధతిని ప్రకటించారు. తర్వాత చాలా దేశాలు తీసుకున్నాయి. ఈ పద్ధతిలో ఎంపికై చేరినవాళ్లు, ఎంపిక కాక వేరే చోట్ల చదివినవాళ్ల కంటే కెనడా జాతీయ లైసెన్సు పరీక్షల్లో మెరుగ్గా రాశారని 2012లో వచ్చిన అధ్యయనం చూపింది.

ఈ రెండు అనుభవాలనూ కలిపి చూస్తే మాకు అర్థమైనది ఇది: పది నిమిషాల మాటల్లో మనిషిని చదివేయగలమన్న ధీమాతో చేసే ఇంటర్వ్యూ పాచికలాట లాంటిది. ఏం చూడాలో ముందే తేల్చుకుని, అందరికీ ఒకే కొలత పెట్టి, ఒకరి ఇష్టాయిష్టాలకు వదలకుండా చేసే ఇంటర్వ్యూ మార్కుల జాబితా చూపలేనిదాన్ని కొంతైనా చూపిస్తుంది.

దాతలారా, సీట్లు ఇచ్చే అధికారం మనకు లేదు. స్కాలర్‌షిప్ ఇచ్చే అధికారం ఉంది. ఆ గదిలో మేము పాటించే పద్ధతిని ఇప్పుడు మీ ముందు పెడతాము.

మొదటిది: పేదరికాన్ని ఇంటర్వ్యూలో కొలవము. జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. అర్హత ఉన్నవాడి హక్కు అది. బాగా మాట్లాడినవాడికి బహుమానం కాదు. అందుకే ఇంటి పరిస్థితిని ఇద్దరు సభ్యులు ఇంటికి వెళ్లి, కాగితాలు చూసి, మసీదు కమిటీ పెద్దలను విచారించి విడిగా రాసుకుంటారు. ఇంటర్వ్యూ గదిలోకి ఆ కాగితం రాదు. "మీ నాన్న ఏం చేస్తాడు?" అనే ప్రశ్న అక్కడ నిషిద్ధం. తండ్రి పరుపులు కుట్టేవాడైనా, ఆటో నడిపేవాడైనా, పదిమంది ముందు బిడ్డ చేత ఆ పేదరికాన్ని వర్ణించుకునేలా చేయడం మర్యాద కాదు.

రెండోది: మొత్తం 100లో ఇంటర్వ్యూకు 15 మార్కులు మాత్రమే. సుప్రీంకోర్టు ప్రవేశాలకు పెట్టిన హద్దునే మేమూ పెట్టుకున్నాము. ఆ 15 కూడా గంపగుత్తగా వేయము. వినే తీరు, నిజాయితీ, ఎదుటివారి కష్టం అర్థం చేసుకోవడం, ఈ చదువు మీద సొంత ఇష్టం, ఐదున్నరేళ్ల శ్రమకు సిద్ధపడటం. ఒక్కోదానికి మూడు మార్కులు. ముగ్గురు పరీక్షకులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడివిడిగా వేస్తారు. వాళ్లలో ఒకరు డాక్టరు, ఒకరు మహిళ తప్పనిసరి. అభ్యర్థి బంధువు గాని, ఊరివాడు గాని పరీక్షకుడిగా ఉంటే ఆ పూట లేచి వెళ్లిపోతారు.

మూడోది: బిడ్డకు నోరు తిరిగే భాషలోనే మాట్లాడతాము. తెలుగు, ఉర్దూ, ఇంట్లో మాట్లాడుకునే మాట, ఏదైనా సరే. దూదేకుల ఇళ్ల పిల్లలకు తెలుగే అమ్మ భాష. పాతబస్తీ పిల్లలకు ఉర్దూ. ఇంగ్లిషు తడబడితే మార్కు తగ్గించము. ఆ లోపం రాసుకుని, సీటు వచ్చాక భాష నేర్పించే ఏర్పాటు చేస్తాము.

ఈ మూడో నియమం ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాము. ఒక చిన్న పట్నం నుంచి వచ్చిన అమ్మాయి, డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నావమ్మా అని అడిగితే ఇంగ్లిషులో రెండు ముక్కలు చెప్పి తల దించుకుంది. ఎవరో నేర్పించిన ముక్కలని తెలిసిపోతూనే ఉంది. మా సభ్యురాలొకరు తెలుగులో, "మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ముందు ఎక్కడికి వెళ్తారు బేటా?" అని అడిగారు. ఆ అమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది. వీధి చివరి ఆర్.ఎం.పి. డాక్టరు, ఆయన వేసే సూది, వాళ్ల దాదీకి షుగరు, డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు బస్సు ప్రయాణం, మాత్రల డబ్బాకు పొద్దునకు సున్నా, రాత్రికి చుక్క అని తానే గీసిన గుర్తులు. చదువు రాని దాదీ తప్పు మాత్ర వేసుకోకుండా ఆ అమ్మాయి కనిపెట్టిన ఉపాయం అది. ముగ్గురు పరీక్షకుల కాగితాల మీద ఆమెకు దగ్గర దగ్గరగా మంచి మార్కులే పడ్డాయి. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతే ఆ గుర్తుల సంగతి మాకు తెలిసేది కాదు.

నాలుగోది: అందరికీ ఒకే పరిస్థితి ఇస్తాము. ఉదాహరణకు ఒకటి చెబుతాము, వచ్చే ఏడు దీన్ని వాడము కాబట్టి. "రమజాన్ నెల. మీ పక్కింటి ఖాలాకు అరవై అయిదేళ్లు. షుగరుకు రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు. ఒక్క రోజా కూడా వదలనని పట్టుదలగా ఉన్నారు. ఇంట్లోవాళ్లు నువ్వు డాక్టరు చదవబోతున్నావు కదా, నువ్వే చెప్పమన్నారు. ఏం మాట్లాడతావు?" మా సభ్యురాలే ఖాలాగా కూర్చుంటారు. ఈ ప్రశ్నకు వైద్య పరిజ్ఞానం అక్కర్లేదు. ఇంటర్ చదివిన పిల్లలకు ఇన్సులిన్ మోతాదు తెలియాలని మేము ఆశించము. కొందరు వెంటనే ఉపన్యాసం ఇస్తారు. కొందరు భయపెడతారు. కొందరు మాత్రం ముందుగా, "ఖాలా, నిరుడు రోజాలున్నప్పుడు కళ్లు తిరిగాయా?" అని అడుగుతారు. "నాకింకా తెలియదు ఖాలా, రమజాన్‌కు ముందే మీ డాక్టరు దగ్గరకు కలిసి వెళ్దాం. జబ్బున్నవారికి దీన్‌లో సడలింపు ఉంది కదా, ఇమాం సాబ్‌ను కూడా అడుగుదాం" అంటారు. ఆవిడ భక్తిని చులకన చేయకుండా ఆవిడ ప్రాణాన్ని చూసుకునే మాట అది. అలాంటి మాట ఏ ర్యాంకు కార్డు మీదా కనిపించదు.

అయిదోది: విదేశాల్లో ఎం.బి.బి.ఎస్.కు సహాయం అడిగేవారితో ఎక్కువసేపు మాట్లాడతాము. అక్కడి చాలా కాలేజీల్లో డబ్బు కడితే సీటు ఇస్తారు, ఎవరూ ఏమీ అడగరు. కానీ వెళ్లేముందు నీట్‌లో అర్హత ఉండాలి. 2021 నిబంధనల ప్రకారం అక్కడి చదువు కనీసం 54 నెలలు, ఇంగ్లిషు మాధ్యమంలో సాగాలి, ఆ పైన 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. తిరిగొచ్చాక స్క్రీనింగ్ పరీక్షలో 300కు 150 తెచ్చుకోవాలి. పొలం అమ్మి పంపాలనుకునే తండ్రికి, వెళ్లబోయే బిడ్డకు ఇవన్నీ విడమరచి చెబుతాము. తర్వాత బిడ్డను ఒంటరిగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడుగుతాము: "ఇది నీ ఇష్టమేనా?" కాదని చెప్పే ధైర్యం తెచ్చుకున్న పిల్లలకు ఫార్మసీకో, డిగ్రీకో, నర్సింగ్‌కో మనం సాయం చేయగలం. ఆ ప్రశ్న అప్పుడు అడగకపోతే, లక్షలు పోయాక మూడో ఏట దేశం గాని దేశంలో ఆ బిడ్డే తనను తాను అడుక్కోవాల్సి వస్తుంది.

ఇంటర్వ్యూ వల్ల ఇంకో మేలు కూడా ఉంది. మన పిల్లలు పదో తరగతి నుంచి నీట్ దాకా నోరు విప్పకుండానే గెలుస్తారు. కోచింగ్ హాస్టల్లో పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా పేపరు మీద గుండ్రాలు దిద్దడమే పని. తర్వాత ఎం.బి.బి.ఎస్.లో ప్రతి ఏటా వైవా ఉంటుంది. అమెరికాలో రెసిడెన్సీ కోసం వెళ్లే తెలుగు డాక్టర్లు ఎందరో ఉన్నారు. అక్కడ పరీక్ష మార్కులు గడప దాకా తీసుకెళ్తాయి, లోపలికి వెళ్లాలంటే ఇంటర్వ్యూలో మెప్పించాలి. మన గదిలో తన గురించి తాను మొదటిసారి నాలుగు మాటలు చెప్పుకున్న బిడ్డకు ఆ రోజు భయం సగం తగ్గుతుంది. అందుకే ఎంపిక కాని పిల్లలకు కూడా ఎక్కడ బాగా చెప్పారో, ఎక్కడ సాధన కావాలో ఒక కాగితం మీద రాసి ఇస్తాము.

ఇప్పుడు దాతలకు మా విన్నపాలు. కాస్త చనువుగా చెబుతున్నాము, మన్నించండి.

మొదటి విన్నపం: సిఫారసు ఫోన్లు చేయకండి. మీరు మంచి మనసుతోనే చేస్తారు, మాకు తెలుసు. మీ ఊరి ఇమాం గారి మేనల్లుడు, మీ దుకాణంలో పనిచేసే మనిషి కూతురు. కానీ ఫోను చేయించగలిగిన వాళ్లకు మీరైనా ఉన్నారు. ఫోను చేయించలేని బిడ్డ తరఫున ఆ గదిలో ఎవరూ ఉండరు. మీకు తెలిసిన బిడ్డ ఉంటే దరఖాస్తు నింపడంలో సాయం చేయండి, బస్సు చార్జీ ఇవ్వండి, గడువు గుర్తుచేయండి. అంతటితో ఆపండి.

రెండో విన్నపం: మీ సొమ్ముతో పాటు మీ సమయం కూడా ఇవ్వండి. ఏడాదిలో రెండు రోజులు చాలు. పరీక్షకులుగా కూర్చోవడానికి డాక్టర్లు, టీచర్లు, ముఖ్యంగా మహిళలు కావాలి. ముందురోజు అరపూట శిక్షణ ఉంటుంది. ఏం అడగాలో, ఏం అడగకూడదో, మార్కులు ఎలా వేయాలో అందులో చెబుతాము. ఎంత అనుభవం ఉన్నవారైనా ఆ శిక్షణ లేకుండా గదిలోకి రానివ్వము.

మూడో విన్నపం: ఎంపికైన బిడ్డను ఐదున్నరేళ్లు చూసుకునే ఒక పెద్ద దిక్కుగా మీలో కొందరు ముందుకు రండి. ఇంటర్వ్యూలో మాకు తెలిసినదంతా ఆ ఒక్కరోజు సంగతే. మొదటి ఏడాది అనాటమీలో తప్పినప్పుడు, హాస్టల్లో ఒంటరితనం పట్టుకున్నప్పుడు, ఇంట్లో పెళ్లి ఒత్తిడి వచ్చినప్పుడు ఆ బిడ్డ ఫోను చేయడానికి ఒక మనిషి ఉండాలి.

ఇంటర్వ్యూలో వచ్చిన మార్కులను, పరీక్షకుల కాగితాలను మూడేళ్ల పాటు భద్రపరుస్తాము. పేర్లు తీసేసి, ఏ దాత అడిగినా చూపిస్తాము. ఎంపికైన పిల్లలు ఏటా ఎలా చదువుతున్నారో, మేము ఎక్కువ మార్కులు వేసినవాళ్లే బాగా రాణిస్తున్నారా లేదా అన్నది లెక్కగట్టి ఈ సంచికలోనే అచ్చు వేయాలని కమిటీ తీర్మానించింది. హ్యూస్టన్‌ వాళ్లకు శాసనసభ ఆదేశం వల్ల అనుకోకుండా తెలిసిన సంగతిని, మనం కావాలని వెతికి తెలుసుకుందాం. మా కొలత పనికిరాదని లెక్కలు చెబితే దాన్ని మార్చుకుంటాము.

ఒక రోజు మనలో ఎవరమో ఒకరం ఆసుపత్రి మంచం మీద పడుకుని ఉంటాము. మన స్కాలర్‌షిప్‌తో చదివిన బిడ్డే మన ముందుకు రావచ్చు. ఆ బిడ్డ పుస్తకం తెలిసినవాడై ఉండాలి, మన మాట వినేవాడై కూడా ఉండాలి. మొదటిది దేశం పరీక్షిస్తున్నది. రెండోదాన్ని మన శక్తి మేరకు, మన చిన్న గదిలో, న్యాయంగా పరీక్షించడానికి ప్రయత్నిస్తున్నాము.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించాలని, మా చేతుల్లో ఉన్న అమానత్‌ను సరిగా చేర్చే బుద్ధిని మాకు ప్రసాదించాలని, మన బిడ్డల చేతులకు వ్యాధిని నయం చేసే శక్తిని, నాలుకలకు మృదుత్వాన్ని ఇవ్వాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాము. ఆమీన్.

వ ఆఖిరు దావానా అనిల్‌హందులిల్లాహి రబ్బిల్ ఆలమీన్.